రేట్ చార్టు ఎవరు మారుస్తారు?

ఆ ప్రాజెక్టు ముగింపు నివేదికలో నేను రాసిన ప్రతి మాటా నిజమే. చెప్పిన తేదీకి పని పూర్తయింది. ఖర్చు అనుకున్నదాన్ని మించలేదు. ఒప్పందంలో ఉన్న పాల కేంద్రాలన్నిటిలోనూ మిషన్లు బిగించాం, ఏజెంట్లకు శిక్షణ ఇచ్చాం, అందరి చేతా సంతకాలు పెట్టించుకున్నాం. ఆఖరి బిల్లు కూడా పేచీ లేకుండా వచ్చింది. ఆ ఏడు మా విభాగంలో మంచి ప్రాజెక్టు అని దానికే పేరొచ్చింది, ఆ పేరు మీదే నాకు ప్రమోషన్ వచ్చింది. కొన్నేళ్ల తర్వాత, డబ్బు పెట్టిన డెయిరీకి దానివల్ల ఏం మిగిలిందని వెతకాల్సి వచ్చినప్పుడు మాత్రం చూపించడానికి దొరికింది చాలా కొంచెం.

ఒకే పని గురించి ఈ రెండు మాటలూ ఎలా నిజమయ్యాయో చెప్పడానికే ఇది రాస్తున్నాను. డెయిరీ పేరు, మా కంపెనీ పేరు ఇక్కడ అక్కర్లేదు. ప్రాజెక్టు నడిపింది నేను, ముందే అడగాల్సినవి అడగనిది నేను. ఇప్పుడు ప్రాజెక్టులు నడుపుతున్నవాళ్లకు, నడిపించుకుంటూ డబ్బు కడుతున్నవాళ్లకు ఇందులో పనికొచ్చేది ఉందని నమ్ముతున్నాను.

ముందు పాల సంగతి చెప్పాలి. పాత చిత్తూరు జిల్లా పడమటి మండలాల్లో, పలమనేరు, పుంగనూరు, మదనపల్లె వైపు, వాన మీద కంటే ఆవు మీద నమ్మకం ఎక్కువ. హెచ్‌ఎఫ్, జెర్సీ సంకర ఆవులు రెండో మూడో ఉన్న ఇల్లు పాల బిల్లుతోనే నెల గడుపుకుంటుంది. పొద్దున ఒక పూట, సాయంత్రం ఒక పూట ఊళ్లో పాల కేంద్రానికి పాలు పోస్తారు. అక్కడ లీటరుకు ఒకే ధర ఉండదు. పాలలో వెన్న శాతం ఎంత, వెన్న కాక మిగిలిన ఘనపదార్థం, అంటే ఎస్‌ఎన్‌ఎఫ్, ఎంత అన్న రెండు లెక్కల మీద ధర పడుతుంది. ఆ రెండిటినీ కలిపి చూపేదే రేట్ చార్టు. వెన్న 3.0 నుంచి 5.5 దాకా, ఎస్‌ఎన్‌ఎఫ్ 7.5 నుంచి 9.0 దాకా పదో వంతు చొప్పున గళ్లు గీస్తే 26 వరసలు, 16 నిలువు వరసలు, మొత్తం 416 ధరలు. ఆ కాగితంలో తన పాలు ఏ గడిలో పడతాయన్నదాని మీదే ఆ ఇంటి పదిహేను రోజుల బిల్లు ఆధారపడి ఉంటుంది.

వెన్న కొలిచే పాత పద్ధతి గెర్బర్ పరీక్ష. గాజుగొట్టంలో సల్ఫ్యూరిక్ ఆమ్లం, పాలు, అమైల్ ఆల్కహాల్ పోసి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే వెన్న విడిపోయి పైకి తేలుతుంది, గొట్టం మీద గీతల్లో శాతం చదువుకోవచ్చు. నమ్మకమైన పరీక్షే గానీ ఆమ్లంతో పని, సమయం పడుతుంది, వరసలో నిలబడ్డ ప్రతి మనిషి పాలకూ రెండు పూటలా చేయడం కుదిరే పని కాదు. అందుకని సీసాల్లో నమూనాలు తీసి చిల్లింగ్ సెంటర్‌కు పంపేవాళ్లు. తన పాలకు ఎంత వెన్న వేశారో పోసినామెకు తెలిసేసరికి రోజులు గడిచేవి. "నా పాలకు ఇంతేనా?" అన్న ప్రశ్నకు జవాబు చెప్పగలిగినవాళ్లు ఊళ్లో ఎవరూ ఉండరు.

దీనికి మందు అప్పటికే ఉంది. గుజరాత్‌లో ఆనంద్ చుట్టుపక్కల, అమూల్ కిందున్న గ్రామ సంఘాల్లో 1990లలోనే ఎలక్ట్రానిక్ తూకం, వెన్న కొలిచే మిషన్, చిన్న కంప్యూటర్, ప్రింటర్ కలిపి పెట్టారు. పాలు పోసిన నిమిషంలో ఎన్ని లీటర్లు, ఎంత వెన్న, ఎన్ని రూపాయలు అన్నది చీటీ మీద వస్తుంది. మా ప్రతిపాదనలో దాన్నే గొప్పగా చూపించాను. ఒక సంగతి మాత్రం పట్టించుకోలేదు. ఆనంద్‌లో పాలు పోసేవాళ్లే సంఘం సభ్యులు. చీటీ తప్పు వస్తే సెక్రటరీని నిలదీసే హక్కు వాళ్లకుంది, మిషన్ సరిగ్గా ఉండాలన్న పట్టుదల అక్కడి ఏర్పాటులోనే ఉంది. నేను అక్కడి మిషన్‌ను తెచ్చాను, ఆ ఏర్పాటును తేలేదు. దాని స్థానంలో ఇక్కడ ఏది ఉండాలో ఆలోచించనూ లేదు.

ప్రతిపాదనలో ప్రయోజనాల పేజీ నేనే రాశాను. కేంద్రంలో కొలిచిన వెన్నకూ చిల్లింగ్ సెంటర్‌లో ట్యాంకర్ దిగినప్పుడు తేలే వెన్నకూ మధ్య తేడా తగ్గుతుందని, రైతు బిల్లు పదిహేను రోజులకు బదులు పది రోజులకే పడుతుందని, నమ్మకం పెరిగి రైతులు వేరే డెయిరీలకు పోరని. మొదటి మాట వెనుక గట్టి లెక్కే ఉంది. లీటరు పాలు సుమారు 1.03 కిలోలు తూగుతాయి. లక్ష లీటర్లలో వెన్న 0.1 శాతం తేడా వచ్చిందంటే 103 కిలోల వెన్నకు డెయిరీ డబ్బు కట్టింది గానీ అది ట్యాంకర్‌లో రాలేదన్నమాట. రోజూ ఇలా పోతుంటే ఏడాదికి ఎంతో ఎవరైనా వేసుకోవచ్చు. ఆ లెక్క చూపించాకే బోర్డు సంతకం పెట్టింది.

నా మొదటి తప్పు ఆ పేజీలోనే ఉంది. తేడా తగ్గుతుందని రాశాను గానీ, ఇప్పుడు ఎంత ఉందో కొలవలేదు. చిల్లింగ్ సెంటర్లలో ప్రతి ట్యాంకర్‌కూ రిజిస్టర్ రాస్తారు. నాలుగు రోజులు కూర్చుని మూడు నెలల అంకెలు రాసుకుని ఉంటే సరిపోయేది. దానికి ప్లాన్‌లో ఒక గీత కూడా పెట్టలేదు. మంజూరు వచ్చిందంటే ఆ పేజీ పని అయిపోయిందనుకున్నాను. ఆ రోజు నుంచి ప్రాజెక్టు ముగిసేదాకా మా టీమ్‌లో ఎవరూ, నేనూ కలిపి, మళ్లీ దాన్ని తెరవలేదు.

తెరవాల్సిన అవసరమూ రాలేదు. మా బిల్లులు దేనికి ముడిపడి ఉన్నాయో మా కళ్లూ అక్కడే ఉన్నాయి. ఇన్ని కేంద్రాల్లో మిషన్లు బిగిస్తే ఇంత, శిక్షణ పూర్తయితే ఇంత, గో-లైవ్ అయితే మిగిలింది. వారం వారం సమీక్షలో గోడ మీద పడే పట్టికలో ఉండేవి ఈ అంకెలే. డెయిరీ తరఫున కూర్చునేది ఐటీ మేనేజర్. మంచి మనిషి, పనిమంతుడు. కానీ పాలు కొనేది ఆయన కాదు, ప్రొక్యూర్‌మెంట్ విభాగం. తేడా తగ్గితే లాభపడేది, పెరిగితే మాట పడేది ఆ విభాగమే. వాళ్లను మేం శిక్షణ తరగతులకు పిలిచాం గానీ నిర్ణయాలకు పిలవలేదు.

ఒక్కసారి మాత్రం పిలిచాం. ప్రాజెక్టు సగంలో ఉండగా ఒక చిల్లింగ్ సెంటర్‌లో మీటింగ్ పెట్టాం. రూట్ సూపర్‌వైజర్లు వచ్చారు. వాళ్లలో వయసులో పెద్దాయన, ముప్పై ఏళ్లుగా పాల రూట్లలో తిరిగిన మనిషి, అంతా విన్నాక ఒక్కటే అడిగాడు.

"సార్, రేటు మారినపుడల్లా ఇన్ని మిషన్లలో చార్టు ఎవురు మారుస్తారు?"

ఆ ప్రశ్న వెనుక ఏముందో ఇప్పుడు తెలుసు. పాల రేటు ఏడాది పొడుగునా ఒకటి ఉండదు. వానల తర్వాత, చలికాలంలో పాలు పెరుగుతాయి, ఎండాకాలం తగ్గుతాయి. దాన్ని బట్టి రేటు కదులుతుంది. ఆ మండలాలు కర్ణాటక, తమిళనాడు సరిహద్దుల్లో ఉన్నవి, పక్క రాష్ట్రాల డెయిరీల బండ్లూ అక్కడికే వస్తాయి. ఒకరు అర్ధ రూపాయి పెంచితే మిగిలినవాళ్లు వెంటనే పెంచక తప్పదు. మేం పెట్టిన మిషన్లలో కొత్త చార్టు వేయాలంటే దాన్ని పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి, కేంద్రం కేంద్రానికీ మనిషి వెళ్లి, పాస్‌వర్డ్ కొట్టి మార్చాలి. ఆ పాస్‌వర్డ్ మిషన్లు అమ్మినవాళ్ల టెక్నీషియన్ల దగ్గర ఉంటుంది. జిల్లా మొత్తానికి వాళ్లు ఇద్దరు.

నేనేం జవాబు చెప్పానంటే, "అది సపోర్ట్ టీమ్ చూసుకుంటుందన్నా. ఆటోమేటిక్‌గా పంపేది ఫేజ్ టూలో పెడదాం." మినిట్స్‌లో కూడా అలాగే రాయించాను. ఆ పెద్దాయన ఇంకేమీ అనలేదు. ఫేజ్ టూకు బడ్జెట్ లేదని ఆ గదిలో నాకు తెలుసు. ఆ పని అప్పుడే తలకెత్తుకుంటే గో-లైవ్ తేదీ రెండు నెలలు జరుగుతుందనీ తెలుసు. తేదీని కాపాడుకున్నాను. నా ఉద్యోగ జీవితంలో వెనక్కి తీసుకోవాలనిపించే నిర్ణయం ఏదంటే ఇదే చెబుతాను. సాఫ్ట్‌వేర్‌లో లోపాలు తర్వాత దిద్దుకోవచ్చు. ఇక్కడ మేం ఇస్తామన్నది సరైన ధర ఉన్న చీటీ. ధర మారిన రోజు చీటీ తప్పు పలికితే, ఇచ్చినదంతా ఆ రోజుతో పోతుంది.

అలాగే పోయింది కూడా. కొన్నేళ్లకు అదే డెయిరీలో వేరే పని మీద వెళ్లినప్పుడు, ఒక పొద్దున పాత కేంద్రాల్లో ఒకదాని దగ్గర ఆగాను. ఏజెంటు ఒక ఆడమనిషి. వరసలో వాళ్లు క్యాన్లు, స్టీలు బిందెలతో నిలబడి ఉన్నారు. వెన్న కొలిచే మిషన్ పనిచేస్తోంది, దాని గొట్టాన్ని పాలలో ముంచి అంకె చూస్తోంది. చూసి, పక్కన పెట్టుకున్న పొడుగాటి పుస్తకంలో పెన్నుతో రాస్తోంది. తెరను గోనెగుడ్డతో కప్పారు. ప్రింటర్‌లో కాగితం లేదు. చీటీ ఎందుకు ఇవ్వడం లేదని అడిగాను.

"ఆ చీటీ ఎవురు నమ్ముతారు సార్? రేటు మారి పది దినాలైనా మిషన్‌లో పాత రేటే వస్తా ఉంటుంది. చీటీలో ఒకటి, నేనిచ్చే బిల్లులో ఒకటి. జనం నన్ను అడుగుతారు, మిషన్ని అడగరు గదా."

పుస్తకం చూపించమన్నాను. పేరు, పొద్దున పాలు, సాయంత్రం పాలు, వెన్న, రేటు. అక్కడితో మా సాఫ్ట్‌వేర్ అయిపోతుంది. ఆమె పుస్తకంలో ఇంకా నాలుగు గళ్లున్నాయి: దాణా బాకీ, అడ్వాన్సు, పశువుల డాక్టరుకు కట్టింది, చేతికివ్వాల్సింది. ఆ ఊళ్లో దాణా మూటలు అప్పుకిచ్చేది పాల కేంద్రమే. ఆవు కొనడానికో, బిడ్డ పెళ్లికో ముందుగా తీసుకున్న డబ్బు పాల బిల్లులోంచే తీరుతుంది. "ఇవన్నీ మీ మిషన్‌లో రాసేదానికి లేదు గదా సార్. అట్లైతే పుస్తకం ఎట్లా ఇడిచిపెట్టేది?" అంది. నిష్ఠూరంగా అనలేదు, ఉన్న మాట చెప్పింది.

మేం వెళ్లింది పుస్తకాన్ని తీసేయడానికి. ఆ పుస్తకంలో ఏముందో ఒక్క కేంద్రంలో కూడా తెరిచి చదవలేదు. అవసరాల సేకరణ అంటూ మేం చేసిందంతా డెయిరీ హెడ్ ఆఫీసులో జరిగింది. హెడ్ ఆఫీసుకు దాణా బాకీలు అక్కర్లేదు, అవి ఏజెంటుకూ రైతుకూ మధ్య లెక్క. ఒకసారి పుస్తకం ఉండక తప్పదని తేలాక, ఏజెంటుకు మిషన్ రెండో పని అవుతుంది. రెండో పనిని ఎవరు రోజూ శ్రద్ధగా చేస్తారు? వెన్న కొలిచే మిషన్‌ను పూట పూటా వేడినీళ్లతో, శుభ్రం చేసే మందుతో కడగాలి. కడగకపోతే లోపల పాల పొర పేరుకుని అంకె జరుగుతుంది. గెర్బర్ పరీక్షతో పోల్చి సరిచేస్తూ ఉండాలి. మందు సీసాలు అయిపోతే ఎవరు పంపాలి, పోల్చి చూసేది ఎవరు అన్నది మా పత్రాల్లో "డెయిరీ బాధ్యత" అన్న రెండు మాటల్లో ముగిసింది. డెయిరీలో ఏ మనిషి అన్నది ఎక్కడా లేదు. వెన్న తేడా తగ్గించడానికి పెట్టిన మిషన్, సరిచేసేవాళ్లు లేక, తేడాకు తానే ఇంకో కారణమైంది.

ఆ రోజు మధ్యాహ్నం ఆఫీసులో డెయిరీ ఎండీ అడిగారు, "ఇంతకీ తేడా తగ్గిందాండీ?" నా దగ్గర అన్నీ ఉన్నాయి. టెస్టింగ్ సంతకాలు, మీటింగుల మినిట్స్, శిక్షణకు వచ్చినవాళ్ల హాజరు. ముందు ఎంత ఉండేదన్న అంకె మాత్రం ఏ ఫైల్లోనూ లేదు. పాత రిజిస్టర్లు చిత్తు కాగితాల్లో పోయాయి. తగ్గిందనలేను, తగ్గలేదనీ అనలేను. ఒక సంస్థ కోట్లు ఖర్చు పెట్టిన పనికి ఫలితం అడిగితే అవునో కాదో చెప్పలేకపోవడం నాకు ఆ పని విఫలమవడం కంటే ఎక్కువ సిగ్గనిపించింది. ఆ డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసు కాబట్టి. డెయిరీ ఖర్చు ఏదైనా చివరికి లీటరు మీద రైతుకిచ్చే ధరలోంచే సర్దుకోవాలి.

రెండో ప్రయోజనం సంగతీ చెప్పాలి. బిల్లు పది రోజులకే ఇస్తామని రాసుకున్నాం గదా. మేం మిషన్లు బిగిస్తుండగానే ఆ ప్రాంతానికి వచ్చిన ఇంకో ప్రైవేటు డెయిరీ వారం వారం డబ్బు ఇవ్వడం మొదలుపెట్టింది. మా పది రోజుల మాటకు ఆ వారంతోనే విలువ పోయింది. ప్రయోజనాల పేజీ తెరిచే అలవాటు ఉంటే అప్పుడే పట్టుకునేవాళ్లం, ఏడు రోజులకు మార్చేవాళ్లం. చిన్నవాళ్లకే కాదు, చాలా పెద్దవాళ్లకూ ఇలాగే జరిగింది. మోటరోలా 1987లో ఇరిడియం ఉపగ్రహ ఫోన్ల ఆలోచన చేసినప్పుడు చేతి ఫోన్లు ఎక్కడో కొన్ని నగరాల్లో ఉండేవి. 66 ఉపగ్రహాలతో, సుమారు 500 కోట్ల డాలర్లతో 1998 నవంబరులో సర్వీసు మొదలయ్యేసరికి మామూలు సెల్‌ఫోన్లు ఊరూరా వచ్చేశాయి. ఇరిడియం హ్యాండ్‌సెట్ ధర 3,000 డాలర్ల దరిదాపుల్లో, పైగా ఇంటి లోపల సరిగా పనిచేయదు. 1999 ఆగస్టుకే ఆ కంపెనీ దివాలాకు వెళ్లింది. ఇంజనీర్లు చెప్పిన పని చేసి చూపించారు, అందులో సందేహం లేదు. ఆ పని ఎవరి కోసమన్న లెక్కే పాతబడింది. తర్వాత వేరేవాళ్లు దాన్ని సుమారు 2.5 కోట్ల డాలర్లకు కొని, నౌకలకు, విమానాలకు, సైన్యానికి, సెల్ టవర్ లేని చోట్లకు అమ్మారు. ఆ ఉపగ్రహాలే మళ్లీ పనికొచ్చాయి.

దాణా పుస్తకం విషయంలో నాకు జర్మనీ సూపర్‌మార్కెట్ సంస్థ లిడిల్ గుర్తొస్తుంది. 2011లో సరుకుల లెక్కకు శాప్ సాఫ్ట్‌వేర్ తెచ్చుకోవడం మొదలుపెట్టి, 2018లో ఆపేసింది. అప్పటికి అయిన ఖర్చు సుమారు 50 కోట్ల యూరోలని పత్రికలు రాశాయి. ఎక్కువగా చెప్పుకున్న కారణం వినడానికి చాలా చిన్నది. లిడిల్ నిల్వ సరుకు విలువను కొన్న ధరలో లెక్కేస్తుంది, సాఫ్ట్‌వేర్ మామూలు పద్ధతి అమ్మే ధరలో వేయడం. తన పద్ధతి మార్చుకోవడానికి సంస్థ ఒప్పుకోలేదు, సాఫ్ట్‌వేర్‌నే మార్చుకుంటూ పోయారు. మొదటి నెలలోనే తేల్చుకోవాల్సిన ఆ ప్రశ్న ఏడేళ్లు వెంట నడిచింది. మాకు దాణా గడి అలాంటిదే, ఒక పొద్దున కేంద్రంలో కూర్చుని ఉంటే మాకూ కనబడేది.

తేదీ, ఖర్చు మాత్రమే చూసి ప్రాజెక్టును తూచడం తప్పని చెప్పడానికి సిడ్నీ ఒపేరా హౌస్‌ను చూపిస్తుంటారు. 1957లో 70 లక్షల ఆస్ట్రేలియన్ డాలర్ల అంచనా, 1963కు పూర్తి చేస్తామన్న మాట. తెరిచింది 1973లో, అయిన ఖర్చు 10.2 కోట్లు. ఇవాళ ఆ దేశం పేరు చెబితే కళ్లముందుకొచ్చే భవనం అదే. ఇది ఖర్చులు దాటడానికి అనుమతి పత్రమని నేననను, అలా వాదించేవాళ్లతో ఏకీభవించను కూడా. ఎన్నో పనులు ఖర్చూ దాటి ఫలితమూ ఇవ్వవు. నేను చెప్పేదల్లా, తేదీ వేరు, ఫలితం వేరు, రెండిటికీ వేర్వేరుగా లెక్క ఉండాలని. బ్రిటిష్ ప్రభుత్వం 2001లో తెచ్చిన గేట్‌వే సమీక్షల్లో ఈ తేడా స్పష్టంగా ఉంది. పెద్ద ప్రాజెక్టులను దశ దశలో ఆపి పరిశీలిస్తారు. నాలుగో సమీక్ష వాడకంలోకి తేవడానికి సిద్ధమా అని. అక్కడితో ఆగకుండా ఐదోది ఉంది. అది వాడకం మొదలైన తర్వాత, చెప్పిన ప్రయోజనాలు వస్తున్నాయా అని చూడటానికి. మన కంపెనీల్లో నాలుగో గేటు దగ్గర కేక్ కోస్తాం. ఐదో గేటు వచ్చేసరికి టీమే ఉండదు.

డెయిరీ మమ్మల్ని వెళ్లగొట్టలేదు. అంతకుముందే ప్రొక్యూర్‌మెంట్‌కు కొత్త హెడ్ వచ్చారు, ఒక ఆవిడ. మిగిలిందాన్ని నిలబెడదామన్నారు. ఈసారి పని ఆఫీసులో మొదలుపెట్టలేదు. ముందు రెండు నెలలు చిల్లింగ్ సెంటర్లలో వెన్న తేడా రాసుకున్నాం, కేంద్రం వారీగా. చార్టు హెడ్ ఆఫీసు నుంచి నేరుగా మిషన్లకు వెళ్లేలా చేశాం. రేటు మారుతుందన్న రోజు రాత్రి పన్నెండుకు ముందు ఏ ఏ కేంద్రాలకు అందలేదో సూపర్‌వైజర్ ఫోన్‌కు వస్తుంది, తెల్లారేసరికి ఆయన అక్కడుండాలి. దాణాకు, అడ్వాన్సుకు గళ్లు పెట్టాం. వాటి పేర్లు ఏజెంట్లు పుస్తకంలో రాసుకునే పేర్లే. వారానికొకసారి ప్రతి రూట్‌లో గెర్బర్‌తో పోల్చి చూసే బాధ్యత పేరుతో సహా ఒకరికి రాశాం. మొదటి ప్రాజెక్టులో రంగురంగుల మ్యాపులతో ఒక డాష్‌బోర్డు చేశాం. దాన్ని తీసేశాం. తీసేసిన సంగతి ఎవరూ గమనించలేదు. దాని మీద మా వాళ్లు పడ్డ కష్టం తలుచుకుంటే బాధేసింది.

ఏమైందంటే, కొన్ని రూట్లలో తేడా బాగా తగ్గింది, కొన్నింటిలో కొంచెమే. ఒక రూట్‌లో అసలు తగ్గలేదు. అక్కడ కారణం మిషన్ కాదని, బల్క్ కూలర్ దగ్గర ఉందని ఆ అంకెల వల్లే బయటపడింది. పుస్తకాలు అన్ని ఊళ్లలోనూ పోలేదు. పోకపోయినా ఫర్వాలేదని ఇప్పుడనుకుంటున్నాను. చీటీలో అంకె, పుస్తకంలో అంకె ఒకటైతే చాలు, జనం చీటీని దాచుకుంటారు. దాచుకుంటున్నారు కూడా, క్యాలెండర్ మేకుకు గుచ్చి.

ఇదంతా విన్న తోటివాళ్లు ఒక మాట అంటారు. సాఫ్ట్‌వేర్ ఇవ్వడమే మన పని, ఫలితం క్లయింటు చేతిలో ఉంటుంది, కరవొచ్చినా పోటీ వచ్చినా మనం జవాబుదారీ ఎట్లా అవుతాం అని. ఇందులో సగం న్యాయముంది. ఫలితానికి హామీ ఇవ్వమని నేనూ అనను, ఇచ్చేవాళ్లను నమ్మను. కానీ ఫలితం ఎవరి పేరు మీద ఉందో అడిగి రాయించుకోవడం, ఇప్పటి అంకె కొలిచి ఒప్పందానికి జతచేయడం మన చేతిలో పనే. ఆ పేరు చెప్పలేని సంస్థకు పని మొదలుపెట్టకూడదు. బిల్లులో చివరి భాగం గో-లైవ్‌కు కాకుండా ఆర్నెల్ల తర్వాత జరిగే సమీక్షకు కట్టమని ఇప్పుడు ప్రతి ఒప్పందంలో అడుగుతున్నాను. మా ఫైనాన్స్ వాళ్లకు ఇష్టముండదు, డబ్బు ఆలస్యమవుతుందని. క్లయింట్లలోనూ అందరూ ఒప్పుకోరు, ఆర్నెల్ల తర్వాత ఆ లెక్క తమ మీదికే వస్తుందని వాళ్లకూ తెలుసు. ఒప్పుకున్న చోట మాత్రం మీటింగుల్లో ప్రశ్నలే మారిపోయాయి. ఎన్ని బిగించారని అడగడం తగ్గి, ఎందరు వాడుతున్నారని అడగడం మొదలైంది.

రేట్ చార్టు గురించి అడిగిన ఆ పెద్దాయన రెండో విడతకు ముందే రిటైరయ్యారు. ఫోన్ చేసి, మీరన్నదే జరిగిందన్నా, ఇప్పుడు చేశాం అని చెప్పాను. "ఆపొద్దే చేసింటే ఇంకా మేలుండె సార్" అన్నారు. అప్పుడు ఆయన చెప్పారు, విననిది నేను.

ప్రాజెక్టు మేనేజర్లుగా ఉన్న మిత్రులకు ఒక్క మనవి. మీరు ముగించి, బిల్లు తీసుకుని, మరిచిపోయిన పనుల్లో ఒకదాన్ని ఎంచుకోండి. అక్కడికి ముందుగా చెప్పకుండా ఒక పొద్దున వెళ్లండి. మేనేజర్ గదిలో కూర్చోకండి, పని జరిగే బల్ల దగ్గర కూర్చోండి. మీరిచ్చిన తెర పక్కన ఇంకా పుస్తకం ఏదైనా ఉందేమో చూడండి. ఉంటే అందులో ఏ గళ్లున్నాయో అడిగి రాసుకుని, ఆ కాగితం తెచ్చి మీ తర్వాతి ప్రాజెక్టు ప్లాన్‌లో మొదటి పేజీగా పెట్టండి.